ఆట ఎటు తిరిగినా తెగని బాణీ కట్టడం ఎలా

సినిమాకి సంగీతం చేసేవారికి ఒక భరోసా ఉంటుంది. ఎడిటింగ్ పూర్తయ్యాక తలుపు 42వ సెకనులో తెరుచుకుంటుందని ఖాయంగా తెలుస్తుంది. డ్రమ్ దెబ్బ అక్కడ వేస్తే సరిపోతుంది. వీడియో గేమ్‌లో అదే తలుపు ముందు ఒకరు మూడు సెకన్లు ఆగుతారు. ఇంకొకరు గదిలో ఉన్న ప్రతి పెట్టె తెరిచి చూసి పది నిమిషాల తర్వాత వస్తారు. మూడో మనిషి తలుపు జోలికే పోకుండా కిటికీలోంచి దూకేస్తాడు. ముగ్గురికీ మీ సంగీతం ఆ క్షణం కోసమే కట్టినట్టు వినిపించాలి.

కాలం మన చేతిలో లేదు, ఆడేవారి చేతిలో ఉంది. అందుకే గేమ్ సంగీతం నేర్చుకోవడం కీబోర్డు దగ్గర మొదలుపెట్టవద్దని నా సలహా. ముందు వేరేవాళ్ళు చేసిన ఒక ఆటను విప్పి చూడండి. అలా విప్పేటప్పుడు గీసే పట్టికే తర్వాత మీ సొంత బాణీకి ప్లాన్ అవుతుంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో రెండు మూడు ట్రాకులు పేర్చడం, కొద్దిగా కార్డ్స్ (కలిపి పలికించే స్వరాలు) వాయించడం వచ్చి ఉంటే చాలు, ఇక్కడ చెప్పేవన్నీ చేయగలరు.

1. ఒక్క సన్నివేశాన్ని విప్పండి

ఆట మొత్తం వద్దు. మీకు బాగా తెలిసిన ఆటలో పదిహేను నిమిషాల భాగం తీసుకోండి. అందులో తిరగడం, గొడవ, గొడవ సద్దుమణగడం మూడూ ఉండేలా చూసుకోండి. ఆడుతూ స్క్రీన్ రికార్డ్ చేయండి. తర్వాత రికార్డింగ్ చూస్తూ కాగితం మీద నాలుగు గడులు గీయండి: సమయం, ఆడేవారు చేసిన పని, ఆటలో వచ్చిన మార్పు, సంగీతంలో వచ్చిన మార్పు.

నాలుగో గడిలో "ఉత్కంఠగా ఉంది" అని రాయకండి. అది మీకు కలిగిన భావం, సంగీతంలో జరిగిన పని కాదు. "డ్రమ్స్ చేరాయి", "బేస్ ఆగిపోయింది", "అదే ట్యూన్, వేగం పెరిగింది" అని రాయండి. భావం రాయాలనిపిస్తే పక్కన ఐదో గడి పెట్టుకోండి, కానీ కలపకండి. ఈ ఒక్క అలవాటు వల్లే నాకు వినడం వచ్చిందని అనుకుంటాను.

పాత ఆటలతో మొదలుపెడితే పట్టిక తేలికగా నిండుతుంది. 1978లో టైటో విడుదల చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో ఉన్నది నాలుగే స్వరాలు. ఒకదాని కింద ఒకటి దిగుతూ, మళ్ళీ మొదటికి వస్తూ ఉంటాయి. తెర మీద శత్రువులు తగ్గేకొద్దీ వాటి నడక వేగం పెరుగుతుంది, దాంతోపాటు ఆ నాలుగు స్వరాల వేగమూ పెరుగుతుంది. పట్టికలో ఇది ఒక్క వరుస, కానీ గేమ్ సంగీతం మొత్తానికి కీలకం ఆ వరుసలో ఉంది: ఆటలో ఒక అంకె మారింది, సంగీతంలో ఒక గుణం మారింది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో మిగిలిన టైమ్ 100 కంటే తగ్గగానే చిన్న హెచ్చరిక మోగి అదే ట్యూన్ వేగంగా నడుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్ళకు వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌లో యోషి అనే డైనోసార్ మీద ఎక్కితే నడుస్తున్న పాటకి బాంగో డ్రమ్స్ చేరతాయి, దిగితే పోతాయి. ఒక చోట వేగం మారింది, ఇంకో చోట వాద్యం చేరింది. రెండిట్లోనూ ట్యూన్ అలాగే ఉంది.

పట్టిక నిండాక అదే భాగాన్ని మళ్ళీ మూడు రకాలుగా ఆడండి.

మొదటిసారి సెట్టింగ్స్‌లో మ్యూజిక్‌ని సున్నాకి తెచ్చి ఆడండి. ఎక్కడ శత్రువుని ఆలస్యంగా గమనించారో, ఏ చోటు ఉట్టి ఖాళీగా అనిపించిందో రాసుకోండి. సంగీతం అక్కడ మీకు సమాచారం ఇస్తోందన్నమాట. రెండోసారి మ్యూజిక్ ఉంచి మిగతా శబ్దాలు తీసేయండి. అడుగుల చప్పుడు, కత్తి దెబ్బ పోగానే సంగీతంలో ఖాళీలు బయటపడతాయి. ఆ ఖాళీలు చాలావరకు కావాలని వదిలినవే, ఆ శబ్దాల కోసం. మూడోసారి ఏమీ చేయకుండా పది నిమిషాలు నిలబడండి. లూప్, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే సంగీతం ముక్క, ఎన్ని సెకన్లకి మొదటికి వస్తోంది, ఎన్నోసారికి మీకు విసుగొచ్చింది, అసలు ఆ సంగీతం కాసేపటికి తనంతట తాను తగ్గిపోతోందా అన్నవి గడియారం పెట్టి చూడండి.

ఇక్కడ ఇంకొక పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టం. శత్రువు మిమ్మల్ని గుర్తుపట్టే హద్దు ఒకటి ఉంటుంది కదా, ఆ హద్దుని ఐదారుసార్లు వేరు వేరు సమయాల్లో దాటండి. పాదంతో తాళం వేస్తూ దాటండి. సంగీతం వెంటనే మారిందా, తర్వాతి బీట్ దాకా ఆగిందా, లేక బార్ (కొన్ని బీట్ల ఒక ఆవర్తం) పూర్తయ్యాక మారిందా? ఐదుసార్లు చూస్తే నియమం దొరుకుతుంది. 1991లో లూకస్ఆర్ట్స్ మంకీ ఐలాండ్ 2 కోసం మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌కానెల్ తయారుచేసిన ఐమ్యూజ్ అనే వ్యవస్థ సాధించింది సరిగ్గా ఇదే. పాత్ర ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్తే పాట ఠక్కున తెగకుండా, సంగీతపరంగా తగిన చోట మలుపు తీసుకుని కొత్త వాద్యాలతో కొనసాగుతుంది. ఆ ఆటలో వుడ్‌టిక్ అనే ఊళ్ళో ఒక్కో గదిలోకి వెళ్ళి వస్తూ వినండి, ఒకే ట్యూన్ ఎన్ని వేషాలు వేస్తుందో తెలుస్తుంది.

చివరగా ఒక లూప్‌ని చెవితో విని రాయండి. మొత్తం అక్కర్లేదు, పై ట్యూన్, కింది బేస్ చాలు. ఎన్ని బార్లు ఉన్నాయో లెక్కపెట్టి, ఆఖరి బార్‌ని ప్రత్యేకంగా చూడండి. ట్యూన్ సా దగ్గర స్థిరపడి ముగిస్తే పాట అయిపోయినట్టు ఉంటుంది, మళ్ళీ మొదలైతే అతుకు తెలిసిపోతుంది. పా దగ్గరో, ఇంకా తేలని కార్డ్ మీదో ఆపితే చెవి దానంతట అదే మొదటి బార్ వైపు లాగుతుంది. మంచి లూపుల్లో చాలావాటికి ముగింపు ఉండదు, వెనక్కి తిరిగే దారి ఉంటుంది.

2. మీ ఆటకి మ్యాప్ గీయండి

ఇప్పుడు ఆ పట్టికని తిరగేయాలి. అక్కడ సంగీతం విని కారణం వెతికారు, ఇక్కడ కారణం ముందు రాసి సంగీతాన్ని తర్వాత నింపుతారు.

ఆట తయారుచేసేవారితో కూర్చుని అడగాల్సినవి: ఈ చోట మామూలుగా ఎంతసేపు గడుపుతారు? ఎన్నిసార్లు తిరిగి వస్తారు? ఎక్కువగా వినిపించే శబ్దం ఏది? సంగీతానికి ఆట ఏ సమాచారం ఇవ్వగలదు? శత్రువుల సంఖ్య, ప్రాణం ఎంత మిగిలింది, గమ్యం ఎంత దూరం, ఇలా. "ఇక్కడ మూడ్ ఎలా ఉండాలి" అన్నది చివరి ప్రశ్నగా ఉంచండి. మూడ్ గురించి గంట మాట్లాడుకుని, ఆ చోటికి ఆడేవారు వందసార్లు తిరిగొస్తారన్న సంగతి అడగకపోవడం నేను ఒకసారి చేసిన తప్పు. ఆ చోటికి వేణువు మీద ఒక మంచి ట్యూన్ కట్టాను. మొదటి రోజు అందరూ మెచ్చుకున్నారు, రెండో వారానికి టెస్టింగ్ చేసేవాళ్ళు మ్యూజిక్ ఆపేసుకుని ఆడుతున్నారు.

సమాధానాలు వచ్చాక స్థితులకి ఒక్కో గుండ్రం గీయండి: తిరగడం, అనుమానం, పోరాటం, గెలుపు, ఓటమి. వాటి మధ్య బాణాలు గీయండి. గుండ్రాల కంటే బాణాలే ముఖ్యం. ప్రతి బాణం మీద ఎంత తొందరగా మారాలో రాయండి. తిరగడం నుంచి పోరాటానికి అర సెకను, పోరాటం నుంచి తిరగడానికి ఐదారు సెకన్లు అయినా పర్వాలేదు. భయం ఒక్కసారిగా వస్తుంది, మెల్లగా పోతుంది. సంగీతమూ అలాగే నడవాలి. ఓటమి నుంచి మళ్ళీ ప్రయత్నానికి వెళ్ళే బాణాన్ని మర్చిపోకండి. ఒకే చోట ముప్పైసార్లు ఓడిపోయే ఆట అయితే ప్రతిసారీ పాట మొదటి నుంచి రాకూడదు. ఓడినా పాట ఆగకుండా నడిస్తే చిరాకు సగం తగ్గుతుంది.

3. లూప్ కట్టండి

ముందు టెంపో లెక్క చూసుకోండి. 120 బీపీఎమ్ (నిమిషానికి 120 బీట్లు) అంటే బీట్‌కి అర సెకను, నాలుగు బీట్ల బార్‌కి 2 సెకన్లు. 16 బార్ల లూప్ 32 సెకన్లు. 48,000 శాంపిల్ రేటులో, అంటే సెకను శబ్దాన్ని 48,000 చిన్న ముక్కలుగా కొలిస్తే, ఒక బీట్‌కి సరిగ్గా 24,000 శాంపిళ్ళు వస్తాయి. 125 బీపీఎమ్ తీసుకున్నా 23,040, అదీ పూర్ణాంకమే. 130 తీసుకుంటే పూర్ణాంకం రాదు. బార్ల హద్దులు శాంపిల్ మధ్యలో పడతాయి. చెవికి తెలియనంత చిన్న తేడానే అయినా, ముక్కలు కోసేటప్పుడు అంకెలు సరిపోతే పని హాయిగా సాగుతుంది. అలాగని టెంపోని లెక్కకి బానిస చేయకండి, పాత్ర నడకకి సరిపోవడం ముందు. 2010లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్‌లో సంగీతం చాలావరకు 130 బీపీఎమ్‌లో, ఏ మైనర్‌లోనే రికార్డు చేశారు. ఏ ముక్కని ఎక్కడ పెట్టినా అతకాలన్న ఒక్క కారణంతో అన్నిటికీ ఒకే వేగం, ఒకే స్కేల్ పెట్టుకున్నారు.

ట్యూన్ విషయంలో నేను పాటించేది ఇది: ఎంత ఎక్కువసేపు ఉండే చోటు అయితే, ట్యూన్ అంత తక్కువ. గుర్తుండిపోయే బాణీని టైటిల్ స్క్రీన్‌కి, గెలుపుకి, ఒక ముఖ్యమైన పాత్రకి దాచుకోండి. గంటల తరబడి తిరిగే చోట దాని తునక ఒకటి, రెండు మూడు స్వరాలు, అప్పుడప్పుడు తగిలితే చాలు. 2017 నాటి బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో మైదానంలో తిరుగుతుంటే పియానో కొన్ని స్వరాలు పలికి ఆగిపోతుంది, మిగతాదంతా గాలి, గడ్డి, అడుగుల చప్పుడు. నిశ్శబ్దాన్ని కూడా మీ మ్యాప్‌లో ఒక స్థితిగా రాసుకోండి.

ముఖ్యమైన బాణీ గట్టిదా కాదా తెలియాలంటే నింటెండో వారి పాత గేమ్ యంత్రం ఎన్‌ఈఎస్ హద్దులు పెట్టుకుని రాసి చూడండి. అందులో శబ్దం పుట్టించే చానళ్ళు ఇవి: రెండు పల్స్ చానళ్ళు, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, ఒక శాంపిల్ చానల్, మొత్తం ఐదు. పల్స్ మీద ట్యూన్, రెండో పల్స్ మీద తోడు స్వరం, ట్రయాంగిల్ మీద బేస్, నాయిస్ మీద తాళం. ఇంత తక్కువలో నిలబడిన బాణీ పెద్ద వాద్యబృందం ఇచ్చినా నిలబడుతుంది. అక్కడ చప్పగా ఉంటే వయొలిన్లు ఎన్ని చేర్చినా దానికి ప్రాణం రాదు.

విసుగు రాకుండా లూప్‌ని పొడిగించే ఉపాయం ఒకటి ఉంది. లేయర్లని, అంటే ఒకేసారి నడిచే పొరలని, వేరు వేరు పొడవుల్లో కట్టండి. ఒకటి 5 బార్లు, ఇంకోటి 7, మూడోది 8 బార్లు అనుకుందాం. మూడూ కలిసి మళ్ళీ మొదటి స్థితికి రావాలంటే 280 బార్లు పడుతుంది. 120 బీపీఎమ్‌లో అది 9 నిమిషాల 20 సెకన్లు! రాసింది మాత్రం 20 బార్లే. కార్డ్స్ మారుతూ ఉంటే ఇది కుదరదు, ఎక్కడో ఒక చోట అపశ్రుతి తగులుతుంది. కింద ఒకే శ్రుతి నిలిపి, పైన ఆ స్కేల్ స్వరాలతో మాత్రమే రాయండి. గుహలు, అడవులు, అంతరిక్షం లాంటి చోట్లకి ఇది బాగా పనికొస్తుంది.

ఇక అతుకు. రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) ఉన్న లూప్‌ని బార్ దగ్గర కోసేస్తే ఆఖరి స్వరం తోక తెగిపోతుంది, మొదటికి రాగానే ఠక్కున ఖాళీ వినిపిస్తుంది. దీనికి పరిష్కారం సులువే. లూప్‌ని వరుసగా రెండుసార్లు వాయించి ఎక్స్‌పోర్ట్ చేయండి, రెండో ఆవృత్తిని మాత్రమే కోసి తీసుకోండి. మొదటిసారి తోక రెండోసారి మొదట్లో కలిసిపోయి ఉంటుంది. ఫైల్‌ని ఎమ్‌పీ3గా ఇవ్వకండి. ఆ పద్ధతిలో ఫైల్ మొదట్లో, చివర్లో కొంచెం నిశ్శబ్దం చేరుతుంది, లూప్‌లో అది ఎక్కిళ్ళలా వినిపిస్తుంది. వేవ్ గానీ ఆగ్ గానీ ఇవ్వండి. ఆ తర్వాత వేరే పని చేసుకుంటూ ఇరవై ఆవృత్తులు మోగనివ్వండి. అతుకు దగ్గర మీ తల ఒక్కసారైనా పైకి లేస్తే ఇంకా పని ఉన్నట్టే.

4. లేయర్లు, మలుపులు

మార్పులు రెండు రకాలు. నడుస్తున్న సంగీతం మీద పొరలు ఎక్కించడం, దించడం ఒకటి. ఒక ముక్క ఆపి ఇంకో ముక్కకి వెళ్ళడం రెండోది. యోషి బాంగోలు మొదటి రకం. రెండో రకానికి 1998 నాటి ఒకరీనా ఆఫ్ టైమ్ అనే ఆట వినండి. అందులో మైదానంలో వచ్చే బాణీని కోజీ కొండో చిన్న చిన్న ముక్కలుగా రాశారు. ఏ ముక్క తర్వాత ఏది రావాలో ఆట అప్పటికప్పుడు ఎంచుకుంటుంది. నిలబడితే నెమ్మది ముక్కలు, శత్రువు దగ్గరైతే గట్టి ముక్కలు.

పొరలతో పని చేసేటప్పుడు అన్నిటికీ టెంపో, స్కేల్ ఒకటే ఉండాలి, అన్నీ ఒకేసారి మొదలై వినిపించకపోయినా లోపల నడుస్తూ ఉండాలి. నాలుగు పొరలుంటే వాటి కలయికలు 15. ఆ పదిహేనూ ఒక్కొక్కటిగా వినండి, అవును, పదిహేనూ. డ్రమ్స్ ఒక్కటే మిగిలే కలయిక బాగాలేదనుకోండి, అది ఎప్పుడూ రాకుండా ఆటలో నియమం పెట్టించండి.

హద్దులు పెట్టడంలో ఒక చిక్కుంది. శత్రువు 10 మీటర్ల లోపల ఉంటే పోరాట పొర రావాలని పెట్టారనుకోండి. ఆడేవారు సరిగ్గా ఆ హద్దు మీద అటూ ఇటూ కదిలితే పొర వస్తూ పోతూ లైటు మిణుకుమన్నట్టు ఉంటుంది. రావడానికి 10 మీటర్లు, పోవడానికి 15 మీటర్లు అని రెండు హద్దులు పెట్టండి. పైగా ఒకసారి వచ్చిన పొర కనీసం రెండు బార్లు ఉండాలని నియమం పెట్టండి. ఈ రెండూ చేస్తే సమస్య చాలావరకు తీరిపోతుంది. సంగీతంలో లోపం అనుకుని ట్యూన్ మార్చుకుంటూ కూర్చునేవాళ్ళని చూశాను. లోపం ఈ అంకెల్లో ఉంటుంది.

ముక్కలు మారేటప్పుడు బార్ చివరిదాకా ఆగితే సంగీతం అందంగా ఉంటుంది, కానీ 120 బీపీఎమ్‌లో అది 2 సెకన్ల దాకా ఆలస్యం. అప్పటికి శత్రువు దెబ్బ పడిపోయి ఉంటుంది. బీట్ దగ్గర మారిస్తే ఆలస్యం అర సెకనుకి మించదు. అదీ ఎక్కువనిపిస్తే స్టింగర్ వాడండి: శత్రువు చూసిన క్షణంలోనే మోగే ఒక చిన్న శబ్దం, ఒక బ్రాస్ ఊపు గానీ డ్రమ్ ఉరుము గానీ. అది మోగుతుండగా కింద ముక్క మారిపోతుంది, అతుకు ఎవరికీ తెలియదు. స్టింగర్ ఎప్పుడు మోగుతుందో, ఆ సమయానికి ఏ కార్డ్ నడుస్తుందో ముందే తెలియదు కాబట్టి దాన్ని సా, పా మీదనో, నిర్దిష్టమైన శ్రుతి లేని తాళవాద్యం మీదనో కట్టండి.

ఇవన్నీ ఆటలో కూర్చడానికి ఎఫ్‌మోడ్, వైజ్ అన్నవి చాలామంది వాడే సాధనాలు. ఆటలు తయారుచేసే గోడో ఇంజన్‌లో అయితే 2024లో వచ్చిన 4.3 వెర్షన్ నుంచి ముక్కలు మార్చే, పొరలు కలిపి నడిపే సదుపాయాలు లోపలే ఉన్నాయి. మొదటి ఆటకి అవి చాలు.

5. మిగతా శబ్దాలతో సర్దుబాటు

పాత్రల మాట వస్తుంటే సంగీతాన్ని 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించండి, మాట అయ్యాక నెమ్మదిగా పెంచండి. ఎక్కువగా వినిపించే శబ్దం ఏ స్వరస్థాయిలో ఉందో చూసి, ఆ స్వరస్థాయిలో ట్యూన్ పెట్టకండి. మొత్తం శబ్దం ఎంత ఉండాలన్నదానికి సోనీ మార్గదర్శకం ఒక మంచి కొలత: టీవీకి పెట్టుకునే కన్సోల్‌కి సగటున −24 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలమానం), చేతిలో పట్టుకునేదానికి −18. ఇది సంగీతం ఒక్కదానికి కాదు, ఆటలో శబ్దాలన్నీ కలిపి. ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినడం తప్పనిసరి. బేస్ మాయమయ్యాక పాటలో ఏం మిగిలిందో అక్కడే తెలుస్తుంది.

6. మీ సంగీతానికి వేరేవాళ్ళ చేత పట్టిక గీయించండి

ఆట గురించి ఏమీ తెలియని మనిషి ఒకరిని కూర్చోబెట్టండి. ఏం వినాలో చెప్పకండి. ఆడుతుండగా రికార్డ్ చేసి, తర్వాత అదే రికార్డింగ్ చూపిస్తూ మొదట మీరు గీసిన నాలుగు గడులే వారి చేత నింపించండి. మధ్యలో "అక్కడ డ్రమ్స్ వచ్చాయి కదా" అని అందించకండి.

ఆ కాగితాన్ని మీ మ్యాప్ పక్కన పెట్టండి. మీరు బాణం గీసిన చోట వారి నాలుగో గడి ఖాళీగా ఉంటే మార్పు వినిపించలేదని అర్థం. మీరు బాణం గీయని చోట వారు ఏదైనా రాసి ఉంటే అది చాలావరకు లూప్ అతుకు అయి ఉంటుంది. వారు ఐదో గడి సొంతంగా గీసుకుని "ఇక్కడ భయమేసింది" అని రాస్తే, ఆ నిమిషం దగ్గర రికార్డింగ్ ఆపి మీ పొరల్లో ఏవి నడుస్తున్నాయో చూడండి. తేడాలు సరిదిద్దేటప్పుడు ముందు హద్దుల అంకెలు, తర్వాత మారే వేగం, ఆ తర్వాత పొరల వాల్యూమ్, అన్నిటికన్నా చివర ట్యూన్ ముట్టుకోండి. సరిదిద్దాక ఇంకో కొత్త మనిషిని పిలవండి, మొదటి మనిషికి ఇప్పుడు ఏ తలుపు వెనక ఏముందో తెలిసిపోయింది.